తొమ్మిది వేల నూట నలభయ్యో గంట

ఫుజైరా,
12 నవంబరు 2024, మంగళవారం.

అమ్మకు నీ నయీమ్ సలాం.

ఈ పొద్దున ఒక వింత చూశాను. నిన్న సాయంత్రం నడుమెత్తున వదిలేసి వచ్చిన లోడరు బకెట్టు నేల మీద ఉంది. తాళంచెవి నా జేబులోనే ఉంది. బకెట్టు చుట్టూ పరుచుకున్న తెల్లటి రాతిదుమ్ములో మనిషి అడుగు ఒక్కటీ లేదు.

లోడరేమిటి, వీడు స్టోరులో కదా పనిచేసేది అని మాహిరా చదవడం ఆపుతుంది. ఆపొద్దని చెల్లికి చెప్పు. నేను నీకు అబద్ధం చెప్పానమ్మా. మూడు వారాలుగా ఈ రాతి క్వారీలో లోడరు నేర్చుకుంటున్నాను. నాలుగేళ్ల కిందట ఈ దేశంలోనే నాయనను పొట్టన పెట్టుకున్న ఇలాంటి బండి జోలికి వెళ్లనని నీ చేతిలో చెయ్యేసి చెప్పిన మాట తప్పాను. ఫోనులో చెబుదామంటే నీ గొంతు వినగానే మాట మార్చేస్తాను. కాగితం మీద మాటలు కాస్త నా మాట వింటాయి. అందుకే రాసి, ఫోటో తీసి పంపుతున్నాను.

ఇది సెకండ్‌హ్యాండ్ బండి. చక్రాలుండవు, రెండు పక్కలా వెడల్పాటి రబ్బరు పట్టీలుంటాయి. క్రషర్ కింద రాలిన కంకర ఎత్తిపోయడం దాని పని. ఒక్కచోటే గిర్రున తిప్పితే పట్టీ ఊడుతుంది. నేను మొదటి రోజే ఊడగొట్టాను. మా ఫోర్‌మన్ దేవేందరన్నది జగిత్యాల. "తమ్మీ, గది బొంగరం గాదు, బండి!" అని అందరి ముందూ నవ్వాడు. సాయంత్రం కాగానే పట్టీల్లో ఇరుక్కున్న రాళ్లు తీయాలి, కీళ్లకు గ్రీజు కొట్టాలి, గాలిపైపుతో రేడియేటర్ దుమ్ము దులపాలి. డిగ్రీ పాఠాల్లో దొరికిన కొత్త మాటలు రాసుకునే నోటుబుక్కులోనే ఇవీ రాసుకుంటున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఈ బండి నాలుగేళ్లకు పైగా ఎక్కడో యార్డులో ఎండలో పడి ఉందట. ఇందులో సీటు ఎడమవైపు గుంటపడింది. కూర్చుంటే నా ఒళ్లు తనంతట తానే ఎడమకు ఒరుగుతుంది. నడుం నొప్పితో నాయన మన అరుగు మీద అలాగే కూర్చునేవాడు కదా. కేబిన్ లోపల, కుడిచేతి పక్క రేకు మీద నీలి రంగుతో అంకెలున్నాయి: 8990, 9040, 9090, 9140. అంకె అంకె కిందా రెండు గీతలు. అవి ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో చూపే మీటరు అంకెలు. గ్రీజు కొట్టినప్పుడల్లా పాత డ్రైవరు రాసుకున్నాడనుకున్నాను.

బండి మా దగ్గరికి వచ్చినప్పుడు మీటరు 9112. ఇవాళ 9134. మరి ఆ మనిషి తిరగని గంటను ముందే ఎలా రాశాడు? 9140 తర్వాత రేకంతా ఖాళీ. అది నా కోసం రాసినట్టుందమ్మా, అక్కడితో ఖలాస్ అన్నట్టు. శుక్రవారం పొద్దున బకెట్టును మోసే ఇనుప చేతుల్ని పైకి లేపి, కేబిన్‌ని వెనక్కి వంచి, కింద కారుతున్న ఆయిలు పైపు నేనే మార్చాలి. అప్పటికి మీటరు సరిగ్గా అక్కడికే చేరుతుంది. వద్దంటే దేవేందరన్న నన్ను మళ్లీ పారపనికి పంపుతాడు. చేద్దామంటే ఆ అంకె కళ్లముందు ఆడుతోంది. ఏం చెయ్యమంటావు?

నీ కొడుకు,
నయీమ్.

*

రాయచోటి,
బుధవారం.

నాయనా నయీమూ,

అమ్మ చెప్తా ఉంటే మాహిరా రాస్తా ఉంది. ఒక్క మాట మార్చొద్దని చెప్పినా.

స్టోరులో ఏసీ కింద కూచున్నోని గోర్లల్లో ఆ నల్ల గ్రీజేందిరా? వీడియోలో నాకు కనపడదనుకుంటివా? మొదటి వారమే తెలిసిపాయ. నువ్వే చెప్తావులే అని నోరు మూసుకున్యా. నన్ను మోసం చేసేంత పెద్దోనివి కాలేదు ఇంకా.

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్యా. కిందికి రెండు గీతలు అంటివే, ఆడనే నాకు తెలిసిపాయ, అది మీ నాయన రాత. మన వంటింటి క్యాలెండరు గుర్తు లేదా? గ్యాసుబండ వచ్చిన దినం ఊరంతా రాసిపెట్టుకుంటారు. మీ నాయన ఒక్కడే అది అయిపొయ్యే దినం రాసి, కింద రెండు గీతలు గీసేవాడు. "వచ్చింది కండ్లముందరే ఉండాదిగదా రహమతూ, రాబొయ్యేదే మర్చిపోతాం" అనేవాడు. ఆ అంకె చావు కాదురా. చెయ్యాల్సిన పని. చేసేలోపల మనిషే పాయ.

ఇంకోటి. గీతల కింద ఏం తేవల్లో సన్నగా రాసేవాడు. ఆ రేకు బాగా తుడిచి చూడు. చూసినాంక బండి దిగుతావో ఎక్కుతావో నీ ఇష్టం. ఒట్టు పెట్టించుకోను. చూడకుండా మాత్రం దాని కిందికి పోవద్దు.

మీ అమ్మ,
రహమతున్నీసా.

*

ఫుజైరా,
14 నవంబరు 2024, గురువారం.

అమ్మా,

డీజిల్ గుడ్డతో తుడిచాను. నాలుగేళ్ల జిడ్డు పొరలు పొరలుగా లేచింది. 8990 కింద "గ్రీజు". 9040 కింద "గ్రీజు". 9090 కింద "గ్రీజు, గాలి జల్లెడ", అంటే ఎయిర్ ఫిల్టరు. 9140 కింద మాట లేదు, బొమ్మ ఉంది: సన్నటి ఇనుప అడ్డు, పక్కన దాని కొలత. "రెండు జానలు, నాలుగు వేళ్లు."

కిందికి దిగి వెతికాను. బకెట్టును మోసే చేతి లోపలివైపు రెండు బోల్టు రంధ్రాలు ఖాళీగా ఉన్నాయి. వాటి చుట్టూ ఎర్ర రంగు పెచ్చులు. లేపిన చేతులు కిందికి జారకుండా పెట్టే అడ్డు ఉండాల్సిన చోటది. అది లేదు. నాయన నాటికీ లేదు. తెప్పించాలని రాసుకున్నాడు. 9112 దగ్గరే, ఈ చేతుల కిందే, ఆగిపోయాడు.

దేవేందరన్నను పిలిచి, ఇది మా నాయన రాత, ఈ అడ్డు లేదని చూపించాను. "గిదేం జేస్తదిరా? ఇంజన్ బంద్ జేస్తె లేపిన చేతులు లేపినట్టే ఉంటయ్," అన్నాడు. చూద్దాం రా అన్నా అని చేతులు పూర్తిగా లేపి, ఇంజను ఆపి, ఇద్దరం దూరంగా, కంకర మోసే బెల్టు పక్కన నిలబడ్డాం. ఎండ ఇంకా ఉంది. పది నిమిషాలు ఏమీ లేదు. ఆయన బీడీ వెలిగించుకున్నాడు. అప్పుడు, బండిలో ఎవరూ లేకుండా, ఏ చప్పుడూ లేకుండా, చేతులు దిగడం మొదలుపెట్టాయి. మొదట వేలెడు, తర్వాత జానెడు, ఆపైన ఒక్కసారిగా. రేపు నేను తల పెట్టాల్సిన చోటికి వచ్చి ఆగాయి.

దేవేందరన్న వేళ్లలోంచి బీడీ జారి కింద పడింది. "మీ నాయిన పేరేంది తమ్మీ?" అని అడిగాడు. హయాత్ బాషా అని చెప్పాను. తాళంచెవి నా చేతిలోంచి తీసుకుని తన జేబులో వేసుకున్నాడు.

మీటరు ఇప్పుడు 9139 దాటింది. నేను బండి దిగడం లేదమ్మా. కానీ రేపు పొద్దున దాని కిందికీ వెళ్లడం లేదు. ఏడింటికి దేవేందరన్నా నేనూ బండి విడిభాగాల దుకాణం తెరిచేసరికి తలుపు ముందుంటాం. బండి నంబరు చెప్పి అసలైన అడ్డు అడుగుతాం. దొరికాక బిగించి, దూరం నుంచి మళ్లీ పరీక్షించి, ఆ తర్వాతే పైపు. అన్నీ అయ్యాక నాయన చివరి అంకె కింద నా చేత్తో 9190 అని రాసి, రెండు గీతలు గీస్తాను.

నీ నయీమ్.