అంచు దాటాక పావు సెకను

"గొడుగు" అనే వీడియో గేమ్‌ను తయారుచేసిన నేను, యాభై మూడేళ్ల వయసులో, గుండె మొరాయిస్తున్నా బుర్ర సరిగ్గానే పనిచేస్తుండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసుకున్న ఆఖరి వీలునామా ఇది. ఇంతకుముందు కోపంలో రాసిన రెండూ చెల్లవు.

1. దీన్ని అమలు చేసే బాధ్యత పై వాటా లాయరు గారిది. ఆయన నా ఆటలో మొదటి వీధి దగ్గరే పదకొండుసార్లు కిందపడి, తప్పు ఆటదేనని నాకు నోటీసు పంపుతానన్నారు. అంత పట్టుదల ఈ పనికి చాలు.

2. నా కంప్యూటరూ కుర్చీ మేనకోడలికి. కుర్చీ ఎడమ చెయ్యి ఊగుతుంది, ఆనుకోవద్దు. ఆటలో పిల్లి నడక, మేనకోడలు తన నాలుగేళ్లప్పుడు నేల మీద పాకి చూపించిందే.

3. "గొడుగు" ఆట, దానిపై సర్వహక్కులు, పుస్తకాలు బైండింగ్ చేసే నా తమ్ముడికి చెందాలి. ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి.

గొడుగులు బాగుచేసే ముసలాయన ఇళ్ల కప్పుల మీదుగా దూకుతూ, వాన మొదలయ్యేలోపు ఎవరి గొడుగు వాళ్లకు చేర్చాలి. ఆట అంతే. ఆరేళ్లపాటు ప్రతి ఆదివారం పక్కన కూర్చుని ఆడి చూసింది తమ్ముడొక్కడే. కాగితాలు కోసే మిషను వాడి కుడి బొటనవేలు సగం తీసుకుపోయింది. చూపుడువేలితో దూకించే మీట నొక్కేసరికి ముసలాయన అంచు దాటి పడిపోయేవాడు. "నాకోసం తేలిక చేశావో, మళ్లీ నీ గడప తొక్కనక్కా" అన్నాడు. చేయనని మాటిచ్చాను. ఆ వారమే చేశాను. అంచు దాటాక కూడా పావు సెకనుదాకా మీట పనిచేస్తుంది. తర్వాతి ఆదివారం వాడు ఆఖరిదైన ఏడో వీధి దాటేశాడు. అందరికంటే ముందు గెలిచింది తనేనని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

4. ఆట విడుదలయ్యాక ఒక విమర్శకుడు "ఇందులో నేల మనకోసం కాస్త ఆగుతుంది" అని మెచ్చుకున్నాడు. ఇంకొకాయన "గోరుముద్దలు తినిపించే ఆట" అన్నాడు. కొనడానికొచ్చిన కంపెనీ ఆ పావు సెకను తీసేస్తేనే కొంటానంది. కుదరదన్నాను. ఆటకు బొమ్మలు గీసినతను కారణం అడిగాడు. తమ్ముడి సంగతి బయటపెట్టలేక "నా ఇష్టం" అన్నాను. ఇద్దరి కష్టం బూడిదలో పోసిన పన్నీరు చేశానని తిట్టి వెళ్లిపోయాడు. తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. తప్పు నాదే. కంపెనీ ఈమధ్య మళ్లీ అదే షరతుతో ఉత్తరం రాసింది. నేను పోయాక తమ్ముడి దగ్గరికి వస్తుంది.

5. తమ్ముడూ, ఆ పావు సెకను ఉంచుతావో తీసేస్తావో నీ ఇష్టం. మాట తప్పానని కోపమొస్తే రానీ. వాళ్ల కాగితం మీద సంతకం పెట్టే ముందు మాత్రం బీరువా కింది అరలో ఉన్న ఉత్తరాలు చదువు. వేళ్లు బిగుసుకుపోయిన టైపిస్టు, చెయ్యి వణికే గడియారాలాయన, ఇంకా చాలామంది, ఏడో వీధి దాటామని రాశారు. వాళ్లెవరో నాకు తెలియదు. నీ వేలికి కొలిచి చేసింది వాళ్లకీ సరిపోయింది. జాలిపడి చేయలేదురా. ఆదివారం నువ్వు రాకపోతే నాకు పని సాగేది కాదు.

6. బొమ్మలు గీసినతనికి ఏమీ రాయడం లేదు. సాక్షికి ఆస్తి రాయకూడదట. అతన్ని సాక్షిగానే పిలిపిస్తున్నాను మరి. చదవకుండా దేనిమీదా సంతకం పెట్టే మనిషి కాదు.

పదకొండో నెల, నాలుగో తేదీ, గురువారం.

సంతకం: గొడుగు ఆట చేసినామె

సాక్షి 1: కింది వాటా దర్జీ
సాక్షి 2: బొమ్మలు గీసినతను. రెండుసార్లు చదివి సంతకం చేశాను. ఆదివారం వస్తాను.