అత్తయ్యతో ఆడిన అబద్ధం

శుక్రవారం, రాత్రి

గుడివాడలో ఇవాళ తోటికోడలి శ్రీమంతం. నలుగురి ముందూ నవ్వుతూ తనకి గాజులు తొడగడం నా వల్ల కాదనిపించింది. పొద్దున్నే అత్తయ్యకి ఫోన్ చేసి, "డేట్ వచ్చిందండీ, రాలేను" అనేశాను. ఆ మాటంటే ఇంకెవరూ బలవంతం చెయ్యరు కదా!

ఐవీఎఫ్‌లో పిండాన్ని లోపల పెట్టి తొమ్మిది రోజులైందని, ఇప్పుడు డేట్ వస్తే అంతా పోయినట్టేనని ఆవిడకీ తెలుసు. ఛీ, నాకు ఆ క్షణంలో తట్టనే లేదు.

అత్తయ్య "పోన్లేమ్మా, ఏడవకు. మళ్ళీ ప్రయత్నిద్దాం" అన్నారు. ఏడుస్తున్నది ఆవిడ. అయినా నిజం చెప్పడానికి నోరు రాలేదు.

ఐవీఎఫ్ ఆసుపత్రిలో కౌన్సెలర్ చెప్పినట్టు కళ్ళు మూసుకుని ఊపిరి లెక్కపెడుతుంటే ఆవిడ ముక్కు చీదుకున్న చప్పుడే వినిపిస్తోంది. బాత్రూమ్‌కి వెళ్ళిన ప్రతిసారీ, నా అబద్ధం నిజమైపోయిందేమోనని చూసుకుంటున్నాను.