గంప కింది ఆట

ఎమ్మిగనూరు,
పుష్య అమావాస్య, 1956

కాశన్న బావకు,

నేను బాగానే ఉన్నాను. అక్కను, పిల్లలను అడిగానని చెప్పు. ఈ రోజు అమావాస్య, మగ్గానికి సెలవు. షోలాపూరు మిల్లులో అమావాస్యకు సెలవిస్తారో లేదో.

మన ముగ్గురి ఆఖరి మూడు ముక్కలాట గుర్తుందా? ఉరుకుందప్ప పందెం గింజలు మధ్యలోనే అయిపోయాయి. మన కట్టుబాటు ప్రకారం అప్పటిదాకా పడ్డ చింతగింజల కుప్ప ముగ్గురిదీ అనుకుని, ఆపైన మనిద్దరం వేసినవి పక్కన చిన్న కుప్ప పోశాం. "ముక్కలు కదపొద్దండప్పా, నీళ్లు తాగొస్తా" అని లేచినవాడు వాకిట్లోనే కూలిపోయాడు. అన్నీ ఉన్నవున్నట్టే ఉంచి గంప బోర్లించాను. దినాలు కాగానే మీరు రైలెక్కారు.

ఈ రోజు గంప ఎత్తాను. వాడి ముక్కలు తిప్పితే మూడూ ఆసులే. వాటి ముందు నీవీ నావీ నిలవవు. పెద్ద కుప్ప తీసుకెళ్లి వాడి భార్య హనుమమ్మకిచ్చాను.

"ఇవేందన్నా?"

"మీ ఆయన గెల్చినాడమ్మా."

గింజలన్నీ కొంగున కట్టుకుంది.

చిన్న కుప్ప మనిద్దరిది. నా ముక్కలు ఏమంత గొప్పవి కావు, నీదే పైచేయి కావచ్చు. కానీ నీవి నేను చూడలేదు. పోయినవాడు గనక వాడివి తిప్పాను. నీవి నువ్వే వచ్చి తిప్పాలి.

గంప మళ్లీ బోర్లించాను. మిల్లులో సెలవు ఎందుకని అడిగితే, ఊర్లో ఆట ఇంకా అయిపోలేదని చెప్పు.

నీ బామ్మర్ది