ప్యాసింజరు బండి

నాన్నగారికి, నేను క్షేమమే గాని ఒళ్లు మండిపోతోంది.

నిన్న బట్టల మూటతో కుట్టు షాపు మెట్లెక్కుతూ ఆయాసంతో సగంలోనే కూలబడ్డాను. "బద్ధకం వదిలించుకో" అన్నాడు మేస్త్రీ. డాక్టరమ్మ పరీక్ష చేసి, "బద్ధకం కాదు, ఒంట్లో రక్తం లేదు. కొందరికి ఈ ఆయాసం గుండె వల్ల, ఊపిరితిత్తుల వల్ల కూడా వస్తుంది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగింది.

నీళ్ల బిందెతో మెట్టుమెట్టుకీ ఆగే అమ్మకి 'ప్యాసింజరు బండి' అని పేరు పెట్టింది మీరు. పగలబడి నవ్వింది నేను.

రేపే ఆస్పత్రికి తీసుకెళ్లండి. "నాకేం లేదు" అంటుంది, వినకండి. తమ్ముడి కళ్లజోడు బాగుచేయించారా? ఇకనుంచి ఆ బిందె మీరు మోయండి. మేడ ఎక్కేలోగా ఎన్నిసార్లు ఆగారో రాయండి.

అమ్మకు నమస్కారాలు. మీకు పెట్టేది ఆ జవాబు చూశాకే.