ఏలీయా కోసం తీసిన తలుపు

తెనాలి, మార్చి 2000

ప్రియమైన ఎస్తేరూ,

పాపకు దగ్గు తగ్గిందా? బాలనాగమ్మ కూతురికి పస్కా పండుగ వెళ్ళగానే కాన్పు అంటున్నారు. తొలి కాన్పు. పిల్ల నీరసంగా ఉంది, అమ్మ రావాలని ఒకటే ఏడుపు. బాలనాగమ్మ మన వీధి మనిషని, నీ బిడ్డను చూసుకోవడానికి నేనే పంపాను. ఒక్క నెల ఇంటికి పంపు తల్లీ.

ఎదురుచూస్తూ,
మీ అమ్మ రూతమ్మ

సింగపూర్, మార్చి నెలాఖరు

ప్రియమైన అమ్మా,

ఏప్రిల్లో మా ఇద్దరికీ ప్రాజెక్టు రిలీజు. ఆవిడ వెళితే అక్షరను ఎవరు చూస్తారు? ఇక్కడేం తక్కువ చేశాం? ఆదివారాలు బయటికి పంపడం లేదు, తలుపు తాళం మా దగ్గరే ఉంటుంది, నిజమే. కింద పనిమనుషులంతా చేరి లేనిపోనివి నేర్పుతారు. పాస్‌పోర్టు మా బీరువాలో భద్రంగా ఉంది. ఈసారి పస్కా ఇక్కడ మా ఫ్లాటులోనే. తెలుగువాళ్ళలోనూ యూదులున్నారని, మనం యూదులమని ఆఫీసులో ఎవరూ నమ్మరు, అందుకే వాళ్ళనీ పిలిచాను. మన పెద్దలు ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడ్డ కథ నేనే చదువుతాను! బాలనాగమ్మకు నీ మాటంటే గురి. ఫోన్‌లో కాస్త నచ్చచెప్పు.

ప్రేమతో,
ఎస్తేరు

సింగపూర్, ఏప్రిల్

ప్రియమైన అమ్మా,

పరువు పోయింది. పొంగని రొట్టెలు, చేదు కూర అన్నీ బాలనాగమ్మే వడ్డించింది. ఏలీయా ప్రవక్త వస్తాడని తలుపు తియ్యాలి కదా, అక్షర పరిగెత్తి తీసింది. ఈవిడ చేతిలో గిన్నె బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని, అందరి ముందూ నడిచి వెళ్ళిపోయింది. “అమ్మా, ఆంటీ గో వేర్?” అంటుంది పిల్ల. ఏం చెప్పను? మర్నాడు మన రాయబార కార్యాలయం నుంచి ఫోను, ఆవిడ అక్కడే ఉందట, పాస్‌పోర్టు తెచ్చివ్వమని! ఇంట్లో మనిషిలా చూస్తే ఇంత ద్రోహమా? నీ మాట కూడా పనిచెయ్యలేదు.

కోపంతో,
ఎస్తేరు

తెనాలి, మే

ప్రియమైన ఎస్తేరూ,

పైన ‘ప్రియమైన’ అన్న మాట అలవాటు కొద్దీ రాశాను. నా మాట పనిచేసింది. ‘పండుగ పూట వాళ్ళే తలుపు తీస్తారే, అంతమంది ముందు నిన్నెవరూ ఆపరు, వెళ్ళిపో’ అని ఫోన్‌లో చెప్పింది నేనే.

కాన్పు ముందే వచ్చేసింది. కాగితాలన్నీ తేలి ఆమె ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది. బిడ్డ దక్కలేదు. కూతురు తల్లితో మాట్లాడటం లేదు.

బాలనాగమ్మ నిన్ను ఒక్క మాట అనలేదు. పైగా అక్షర అన్నం సరిగా తింటోందా అని అడిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. చిన్నప్పుడు ఐగుప్తు కథ చెబితే ఫరో రాజును తిట్టి ఏడ్చేదానివి. ఇంతేనా నీకు తెలిసింది?

వచ్చే పస్కాకు మా ఇంటికి రాకు. ఆ పూట బాలనాగమ్మను నా పక్కన కూర్చోబెట్టుకుంటాను. నువ్వొస్తే ఆమె లేచి నీకు వడ్డించబోతుంది. అది నేను చూడలేను.

ఉంటాను,
అమ్మ