ఘాటు రాని మిరపకాయలు

12 ఆగస్టు 1998, బుధవారం. నిద్ర పట్టక రాస్తున్నాను.

కిందింటి ఐదేళ్ల చిన్నికి బ్లడ్ క్యాన్సర్ తగ్గింది కదా, నీకూ తగ్గుతుందని మా మనవరాలు సుధకి మాటిచ్చాను. సుధకి ఇరవై రెండు. ఇవాళ డాక్టరు గారు, "పేరొకటేనండీ. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం మందులకు బాగా లొంగుతుంది. ఈ వయసులో మొండి రకాలు ఎక్కువ. ఈమెది ఏ రకమో ఎముక మూలుగ పరీక్షలో తేలాలి" అన్నారు.

నమ్మకం లేకపోయినా సాయంత్రం ఇద్దరికీ ఎండుమిరపకాయలతో దిష్టి తీశాను. ఒకే పొట్లంలోవి. చిన్నివి కుంపట్లో వేస్తే అందరికీ దగ్గు. సుధవి నల్లగా మాడాయి, ఘాటే లేదు.

"అక్కా, నీవి వేస్తే దగ్గు రాలేదేం?" అంది చిన్ని.

"నా దిష్టి గట్టిది లేవే!" అని సుధ ఒక్కతే నవ్వింది.

1. రేపు ఆ పరీక్ష రిపోర్టు తేవాలి.
2. చిన్నితో పోల్చి సుధకి మళ్లీ మాటివ్వకూడదు.
3. మళ్లీ పడుకోబోయే ముందు కుంపటి దగ్గర ఇంకోసారి వాసన చూడాలి.