ఎడమ తలుపు ఇంకా రాలేదు

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. చివరికి నీ మాటే నెగ్గింది. నువ్వు చదవవని తెలుసు కాబట్టే ఒప్పుకుంటున్నాను.

కారు కొన్న రోజు, "ఈ కంపెనీ బండి వద్దు బావా, రేపు పార్టు కావాలంటే బందరులో ఎవడిస్తాడు?" అన్నావు. "జన్మలో ఒక పుస్తకం ముట్టనివాడివి, నాకు చెప్పొచ్చావా?" అన్నాను. మూణ్ణెల్లు మాట్లాడుకోలేదు.

నువ్వు పోయిన ఆరు నెలలకి పామర్రు సెంటర్లో ధాన్యం ట్రాక్టరు గుద్ది, నువ్వు కూర్చునే వైపు తలుపు నుజ్జయింది. ధడాల్న వెయ్యకని నిన్ను రోజూ తిట్టేవాణ్ణే, ఆ తలుపే. ఆరు నెలలుగా వర్క్‌షాపతను "వచ్చే వారం వచ్చేస్తుందండీ మాస్టారూ" అంటూనే ఉన్నాడు. ఇవాళ నిజంగానే వచ్చిందంటే బస్సెక్కి వెళ్లాను. అట్టపెట్టె విప్పితే కుడి తలుపు! మళ్లీ ఆర్డరు పెట్టాలట, మళ్లీ అన్ని నెలలూ ఆగాలట.

నా అరుపులకు హడలిపోయి అతనే ఒక ఉపాయం చెప్పాడు.

"అటువైపు ఎవరైనా కూర్చుంటారాండీ? లేకపోతే రేకు బిగించి ఇచ్చేస్తాను. రేపే తోలుకెళ్లొచ్చు."

అతను అన్నదాంట్లో తప్పేం లేదు. అటు కూర్చునేవాళ్లెవరూ లేరు.

"రేకూ వద్దు, గీకూ వద్దు. తలుపే తెప్పించు, ఎన్నాళ్లైనా ఆగుతాను" అని మళ్లీ బస్సెక్కాను.